చెదపుట్ట ముందు మనం ఓడిపోయిన వందేళ్లు

ఈసారి పోస్టు కాస్త పెద్దదే. తీరిగ్గా ఉన్నప్పుడు చదవండి. మందు డబ్బా కొనడానికి కొట్టుకి బయల్దేరే ముందు చదివితే ఇంకా మంచిది.

ముందు నా తప్పు చెప్పి మొదలుపెడతాను. నాలుగేళ్ల కింద మా ఎర్రచెక్కలో మామిడి మొక్కలు నాటాను. గుంటకి రెండు తట్టల పేడ వేయించాను. అది మాగిన ఎరువు కాదు, పెంటదిబ్బ పైపైన ఉన్న ఆ ఏటి పేడ. ఎండాకాలం వచ్చేసరికి మొక్కలు ఒక్కొక్కటే వాడిపోవడం మొదలైంది. పట్టుకుని లాగితే చేతికొచ్చేసింది. వేరుకి బెరడు లేదు, కాండం చుట్టూ మట్టి పూత. చెదలు!

గట్టు మీద నా ఎత్తు పుట్ట ఒకటి ఉంది. దొంగ దొరికాడు అనుకున్నా. జేసీబీ పెట్టించి తవ్విస్తే గట్టి మట్టి గదిలో రాణి కూడా దొరికింది. తెల్లగా, బొటనవేలంత లావున, కదల్లేక పడి ఉంది. దాన్ని చంపి, గుంటలో మందు పోయించి, ఇంటికొచ్చి హాయిగా పడుకున్నా. నెల తిరక్కముందే ఇంకో పదకొండు మొక్కలు పోయాయి.

పుట్టే లేదు, రాణే లేదు. మరి ఈ చెదలెక్కడివి? ఆ ప్రశ్నకి జవాబు వెతుక్కుంటూ పోతే రెండొందల యాభై ఏళ్ల వెనక్కి పోవాల్సొచ్చింది. ఆ కథే ఇది.

చెదల గురించి శాస్త్రీయంగా మొదట రాసినవాళ్లలో ఒకాయన మన కాకినాడ మట్టిలో కలిసిపోయాడని మీకు తెలుసా? ఆయన పేరు యోహాన్ గెర్హార్డ్ కోనిగ్. వైద్యుడు. మొక్కలకీ జంతువులకీ శాస్త్రీయ పేర్లు పెట్టే పద్ధతి తెచ్చిన లిన్నేయస్ దగ్గర చదువుకున్నాడు. 1768లో తమిళ తీరంలో డేన్ల స్థావరమైన తరంగంబాడికి వచ్చాడు. తర్వాత ఆర్కాటు నవాబు దగ్గర, ఆ తర్వాత ఈస్టిండియా కంపెనీలో పనిచేశాడు. తంజావూరు ప్రాంతంలో పుట్టలు తవ్వి, లోపల ఏముందో, ఎవరు ఏ పని చేస్తున్నారో చూసి రాసిన వ్యాసం 1779లో బెర్లిన్‌లో అచ్చయింది. 1785లో కాకినాడ జగన్నాథపురంలో చనిపోయాడు. చివరి రోజుల్లో దగ్గరుండి చూసుకున్నది సామర్లకోటలో పనిచేస్తున్న రాక్స్‌బర్గ్ దొర. ఆయన తర్వాత పెద్ద వృక్షశాస్త్రవేత్తగా పేరు తెచ్చుకున్నాడు.

కోనిగ్ పేరు మన వంటింట్లోనే ఉంది. కరివేపాకు శాస్త్రీయ నామంలో ‘కోనిగీ’ అనే ముక్క ఈయన పేరు మీద పెట్టిందే. ఇంకో విచిత్రం చూడండి. ఇక్కడి జనం ఉసిళ్లు ఎట్లా పట్టేవాళ్లో కూడా ఆయన రాశాడు. పుట్టకి రెండు పక్కలా బొక్కలు పెడతారు. గాలి వచ్చే పక్కన పొగ పెడతారు. రెండో పక్కన, లోపల కరివేపాకు రుద్దిన కుండ బోర్లిస్తారు. పొగకి ఉసిళ్లన్నీ వచ్చి కుండలో పడతాయి. వాటిని పిండితో కలిపి వండి, పేదలకి చౌకగా అమ్మేవాళ్లట. మన పెద్దోళ్లు కూడా తొలకరి సాయంత్రం దీపం కింద నీళ్ల పళ్లెం పెట్టి ఉసిళ్లు పట్టి, వేయించుకుని తిన్నవాళ్లే కదా. అంటే ఒకప్పుడు చెద మనకి శత్రువు మాత్రమే కాదు, తిండి కూడా.

కోనిగ్ రాసిన రెండేళ్లకి, 1781లో, స్మీత్‌మన్ అనే ఇంగ్లీషాయన ఆఫ్రికా పుట్టల గురించి లండన్‌లో పెద్ద వ్యాసం అచ్చేశాడు. రాజు, రాణి, సిపాయిలు, కూలీలు అనే పుట్ట సంసారం అప్పుడు లోకానికి బాగా తెలిసింది.

ఆ దొరలంతా దీన్ని ‘తెల్ల చీమ’ అన్నారు. మన భాష నయం, చీమ వేరు, చెద వేరు అని ముందునుంచీ చెప్తూనే ఉంది. కాకపోతే మనమూ ఒక తప్పు చేశాం. చీమల పుట్టలో పాము దూరింది అని సామెత చెప్పుకుంటాం గానీ, నాగుల చవితికి పాలు పోసే ఆ పెద్ద పుట్ట కట్టింది చీమ కాదు, చెద. చీమకీ చెదకీ చుట్టరికమే లేదు. చెద అసలు చుట్టం బొద్దింక. శాస్త్రవేత్తలు 2007లో జన్యువులు పోల్చి చూసి, చెదలు బొద్దింకల వంశంలోవే అని గట్టిగా తేల్చారు.

ఇప్పుడు అసలు విషయం. మన పొలాల్లో పుట్టలు పెట్టే చెద కర్రని తిని నేరుగా అరిగించుకోలేదు. అది వ్యవసాయం చేస్తుంది. కూలీ చెదలు ఎండు పుల్ల, ఆకు, గడ్డి, పేడ కొరికి మింగి పుట్టలోకి తెస్తాయి. సగం అరిగిన ఆ సరుకుతో లోపల తేనెపట్టులాంటి మడులు కడతాయి. ఆ మడుల మీద ఒక రకం బూజు పెరుగుతుంది. ఆ బూజు సరుకుని కుళ్లబెట్టి మెత్తబరుస్తుంది. మెత్తబడ్డ పాత మడినీ, దాని మీద తెల్లటి గింజల్లా పెరిగిన బూజునీ చెదలు తింటాయి. వానలు పడ్డాక అదే బూజు గొడుగు విప్పుకుని పైకి వస్తుంది. దాన్నే మనవాళ్లు పుట్టగొడుగు అన్నారు. పుట్ట మీద గొడుగు. ఆ పేరు పెట్టిన పెద్దమనిషెవరో గానీ, పుట్టకీ గొడుగుకీ సంబంధం ఉందని కళ్లతో చూసి పెట్టాడు.

మనిషి సేద్యం మొదలుపెట్టి పదివేల ఏళ్లు అనుకుంటే, చెద ఈ బూజు సేద్యం మొదలుపెట్టి మూడు కోట్ల ఏళ్లని అంచనా. మనకన్నా సీనియర్ రైతు!

రాణి రోజుకి వేల గుడ్లు పెడుతుంది, పదేళ్ల పైబడి బతకగలదు. ఉసిళ్లు కొత్త కాపురాలు పెట్టబోయే రాజులూ రాణులే. రెక్కలు రాల్చుకుని జంటగా నేలలోకి దూరతాయి. వేలల్లో ఏ ఒకటీ రెండో జంటలు బతుకుతాయి, మిగతావి కాకికీ కప్పకీ బల్లికీ ఆహారం.

ఇక నా మామిడి మొక్కల చిక్కు ఇక్కడ విడింది. మన నేలల్లో పైరు మీద పడే చెదలు ప్రధానంగా రెండు రకాలు. ఒకటి పెద్ద పుట్ట కట్టేది, దాని పేరు ఓడోంటోటర్మిస్ ఒబెసస్. రెండోది మైక్రోటర్మిస్ ఒబెసి. ఇది చిన్నది, పైకి పుట్ట కట్టదు. భూమిలోపల అక్కడొకటి ఇక్కడొకటి చిన్న చిన్న గదులు పెట్టుకుని, సన్నటి దారులతో కలుపుకుని బతుకుతుంది. వేరుశనగ తల్లివేరులోకి దూరి గుల్ల చేసేది, కాయ పైతొక్క గీకి పాడుచేసేది ఎక్కువగా ఇలాంటి పుట్టలేని చెదలే. అట్లా గీకిన కాయలోకి బూజు దూరి అఫ్లాటాక్సిన్ అనే విషం తయారవుతుంది, గింజ రేటు పడిపోతుంది. నేను జేసీబీ పెట్టి ఎవరి ఇల్లో కూలదోశాను. నా మొక్కలు తిన్నవాడు నా కాళ్ల కిందే ఉన్నాడు.

ఇంత చిన్న సంగతి తెలియకుండా మనం ఎన్ని మందులు పోశామో చూద్దాం.

మొదట్లో ఉన్నవి ఇంటి పద్ధతులు. వేప పిండి, ఆముదం పిండి, కానుగ పిండి దుక్కిలో వేసేవాళ్లు. కర్రకి తారు పూసేవాళ్లు. తాళపత్ర గ్రంథాలకి పసుపు, వేపాకు, వస కొమ్ము కాపలా. ఇరవయ్యో శతాబ్దం మొదట్లో ఇంగ్లీషు ప్రభుత్వం పురుగుల శాస్త్రవేత్తలని పెట్టింది. బీహార్‌లోని పూసా పరిశోధన సంస్థలో పనిచేసిన మాక్స్‌వెల్ లెఫ్రాయ్ 1909లో భారతదేశపు పురుగుల మీద పెద్ద పుస్తకం రాశాడు. మద్రాసులో పనిచేసిన ఫ్లెచర్ 1914లో దక్షిణాది పురుగుల మీద ఇంకోటి రాశాడు. మన గుంటూరు పక్కన లాం ఫారం 1922లో మొదలైంది. ఆ రోజుల సలహాలు పుట్ట తవ్వి రాణిని తీసెయ్యమని, కాలవ నీళ్లలో క్రూడాయిల్ మందు చుక్కలుగా కారేట్టు పెట్టమని, పుట్టలోకి విషపు పొగ కొట్టమని.

ఆ లెఫ్రాయ్ చివరికి ఏమయ్యాడో వినండి. లండన్ వెళ్లి ప్రొఫెసరయ్యాడు. అక్కడి పార్లమెంటు భవనం పాత దూలాల్ని తొలుస్తున్న పురుగుకి మందు కనిపెట్టాడు. ఆ మందు నుంచే ఇప్పుడు ప్రపంచమంతా చెదల మందు కొట్టే రెంటోకిల్ కంపెనీ పుట్టింది. 1925లో ల్యాబులో పురుగుల్ని చంపే విషవాయువు తయారుచేస్తూ, ఆ వాయువుకే తను బలైపోయాడు. పురుగుమందు పురుగుకీ మనిషికీ తేడా చూడదని అప్పుడే తెలియాల్సింది.

రెండో ప్రపంచ యుద్ధం తర్వాత కథ మారింది. డీడీటీ వచ్చింది. బీహెచ్‌సీ వచ్చింది, మనం గమాక్సిన్ పొడి అన్నది దాన్నే. మన దేశంలో మొదటి పురుగుమందు ఫ్యాక్టరీ 1952లో కలకత్తా దగ్గర రిష్రాలో పెట్టింది బీహెచ్‌సీ తయారుచెయ్యడానికే. ఆ వెనక ఆల్డ్రిన్, హెప్టాక్లోర్, క్లోర్డేన్ వచ్చాయి. 1967లో సాగర్ నీళ్లు వదిలాక పల్నాడులో పైర్లు మారాయి, పెట్టుబడి పెరిగింది, పొడి సంచులూ పెరిగాయి.

మా నాన్న వేరుశనగ విత్తే ముందు గమాక్సిన్ పొడి వట్టి చేత్తో ఇసుకలో కలిపి సాళ్లలో చల్లడం నాకు బాగా గుర్తు. ఆ ఘాటు వాసన ఇంటికొచ్చినా ఆయన చొక్కా వదిలేది కాదు. వేపచెట్టు కింద అదే చేత్తో ముద్ద కలుపుకుని తినేవాడు. తప్పని చెప్పినవాళ్లు లేరు. మీలో యాభై దాటిన వాళ్లందరికీ ఈ వాసన గుర్తుండే ఉంటుంది.

ఆ మందులు ఎందుకంత గొప్పగా అనిపించాయి? ఏళ్ల తరబడి మట్టిలో చావకుండా ఉండేవి కాబట్టి. చివరికి వాటిని ఆపాల్సొచ్చింది కూడా అందుకే. మట్టిలోంచి గడ్డిలోకి, గడ్డిలోంచి గేదె పాలలోకి, పాలలోంచి బిడ్డ ఒంట్లోకి పోయి కొవ్వులో కూర్చున్నాయి. 1989లో వ్యవసాయంలో డీడీటీ ఆపారు. 1997 ఏప్రిల్ 1 నుంచి బీహెచ్‌సీ పూర్తిగా బంద్. 2001లో స్టాక్‌హోమ్‌లో ప్రపంచ దేశాలు కలిసి పన్నెండు ప్రమాదకర రసాయనాల జాబితా రాస్తే, అందులో ఆల్డ్రిన్, డీల్డ్రిన్, క్లోర్డేన్, హెప్టాక్లోర్ నాలుగూ ఉన్నాయి. నాలుగూ చెదలకి వాడినవే. ఆ ఒప్పందాన్ని మన దేశం 2006లో ఆమోదించింది. మనం సాళ్లలో వేసిన ఫోరేట్ గుళికలు 2020 డిసెంబరు 31తో ఆగిపోయాయి. ఇప్పుడు మనందరి చేతిలో ఉన్న క్లోరిపైరిఫాస్‌ని కూడా 2025లో, కొన్ని వాడకాలకి మినహాయింపులిచ్చి, అదే ఒప్పందం జాబితాలో చేర్చారు. ఆ జాబితాలో పేరెక్కిన మందులకి చివరికి ఏ గతి పట్టిందో పైన చూశారుగా.

ఒకసారి లెక్క వేయండి. ఎన్ని మందులు వచ్చాయి, ఎన్ని పోయాయి! చెద మాత్రం అక్కడే ఉంది. మందు మీద మందు పెంచుకుంటూ పోతే ఏమవుతుందో మన జిల్లాకి ఒకరు చెప్పక్కర్లేదు. 1987-88లో తెల్లదోమ పత్తిని ముంచినప్పుడు గుంటూరు, ప్రకాశం జిల్లాల్లో ఎంతమంది అప్పులపాలై ప్రాణాలు తీసుకున్నారో పెద్దోళ్లనడగండి.

మరి చెద మీద గెలిచినోళ్లే లేరా అంటే ఉన్నారు. దూరం పోనక్కర్లేదు, మన శావల్యాపురం స్టేషన్‌కి పోయి పట్టాల కింద చూడండి. ఈ దేశంలో రైళ్లు వేసిన కొత్తలో పట్టాల కింద చెక్క స్లీపర్లు వేస్తే చెదలు తినేసేవి. నూనెలు పట్టించి చూశారు. ఇనప స్లీపర్లు వేశారు. ఇప్పుడంతా సిమెంటు. దానికి వేరే కారణాలూ ఉన్నాయి, అందులో చెద ఒకటి. రైల్వే వాళ్లు దేశంలో చెదలన్నిటినీ చంపలేదు. పట్టా కింద దాని మేత తీసేశారు, అంతే.

రెండో గెలుపు అమెరికాలో. ఫ్లోరిడా విశ్వవిద్యాలయంలో పనిచేసిన నాన్-యావో సూ అనే శాస్త్రవేత్త చెద అలవాటునే ఆయుధం చేశాడు. చెదలు తిన్నది ఒకదానికొకటి నోటితో పంచుకుంటాయి. వెంటనే చంపే మందు పెడితే తిన్నది అక్కడే చస్తుంది, మిగతావి ఆ దారి మూసేస్తాయి. అందుకని ఆయన మెల్లగా పనిచేసే ఎర పెట్టాడు. అది తిన్న చెద కుబుసం విడవలేదు, ఈలోగా దాన్ని పుట్టంతా పంచుతుంది. 1990ల్లో ఇది బజారుకొచ్చింది. ఇళ్ల చెదలకి బాగా పనిచేసింది. మన బూజు సేద్యం చేసే చెదలకి అంత తేలిక కాదు, పొలానికి ఖర్చూ ఎక్కువ. అయినా పాఠం మాత్రం మనదే: ముందు దాని బతుకు తెలుసుకో, తర్వాత మందు సంగతి.

మూడోది నాకు అన్నిటికన్నా నచ్చింది. బుర్కినా ఫాసో అని ఆఫ్రికాలో మన పల్నాడు కన్నా ఎండిన దేశం. అక్కడ యాకూబా సవాడోగో అనే రైతు, రాయిలా గట్టిపడ్డ బీడులో ఎండాకాలమే గుంటలు తీసి ఎరువూ చెత్తా వేసేవాడు. ఎందుకు? చెదల్ని పిలవడానికి! చెదలొచ్చి ఆ చెత్త తింటూ నేలంతా బొరియలు చేసేవి. వాన పడితే నీళ్లు పారిపోకుండా ఆ బొరియల్లో ఇంకేవి. ఆ గుంటల్లో జొన్న, సజ్జ పండించాడు. బీడు కాస్తా అడవయింది. 2018లో ఆయనకి రైట్ లైవ్లీహుడ్ అవార్డు ఇచ్చారు. 2023లో కాలం చేశాడు. 2011లో ఆస్ట్రేలియా శాస్త్రవేత్తలు కూడా మెట్ట గోధుమ పొలంలో లెక్క తీశారు. చీమల్నీ చెదల్నీ మందుతో తీసేసిన మడులకన్నా, అవి ఉన్న మడుల్లో దిగుబడి 36 శాతం ఎక్కువ వచ్చింది. కారణం నీళ్లు ఇంకడం, నత్రజని పెరగడం.

చూశారా! సవాడోగో గుంటలో చెత్త వేసి చెదని పిలిచాడు. నేనూ గుంటలో పచ్చి పేడ వేసి పిలిచాను. ఆయన పంట లేనప్పుడు పిలిచి పని చేయించుకున్నాడు. నేను మొక్క నాటి, నీళ్లు సరిగా పెట్టకుండా పిలిచి, మొక్కనే వడ్డించాను. చెద ముందుగా వెతికేది చచ్చిన సరుకుని. అది లేకపోయినా, పైరు నీళ్లకి వాడినా పచ్చి వేరు మీద పడుతుంది.

కాబట్టి నా అనుభవం, పుస్తకాల మాట కలిపి చెప్తున్నా.

పేడ మాగనిదే పొలంలో వెయ్యొద్దు. చేతిలోకి తీసుకుంటే వాసన లేకుండా పొడిగా రాలాలి.

పత్తి కట్టె, మిరప కట్టె, కంది మోళ్లు పైరు పక్కన పేర్చి వదలొద్దు. బాగా ముక్కలు చేసి వాన పదునులో కుళ్లబెట్టండి, లేదా బయటికి తీసి కంపోస్టు చెయ్యండి. తగలబెట్టమని మాత్రం చెప్పను.

ఎర్రనేలల్లో బెట్ట రోజుల్లో ఒక తడి ఇవ్వగలిగితే, చాలా మందులకన్నా అదే మంచి మందు. చెదలున్న చెక్కలో వేరుశనగ కాయ ముదరగానే తియ్యండి. తీసిన చెట్టుని రోజుల తరబడి నేల మీద వదలొద్దు.

దుక్కిలో వేప పిండి వెయ్యండి. మెటారైజియం అనే మిత్ర శిలీంధ్రాన్ని మాగిన ఎరువులో కలిపి పదునున్న నేలలో వేసుకోవచ్చు. దాని మీద అద్భుతాలు ఆశించొద్దు, రోగమొచ్చిన చెదల్ని మిగతావి మట్టితో కప్పేసి దూరం పెడతాయి.

పుట్ట పైరుకి దూరంగా గట్టు మీద ఉంటే దాని జోలికి పోవద్దు. మీ పైరు తినేది అదో కాదో ముందు చూడండి. పీకిన మొక్క వేరు దగ్గర తవ్వితే వాళ్ల దారి తెలుస్తుంది.

ఇవన్నీ చేసినా ఆగకపోతే అప్పుడు మందు. పొలమంతా పొయ్యకుండా విత్తనశుద్ధికో, తగిలిన మొక్కల మొదళ్లకో వాడండి. ఆ పైరుకి లేబుల్ మీద రాసి ఉందో లేదో చూసుకోండి, అర్థం కాకపోతే వ్యవసాయ సహాయకుణ్ణి అడగండి. గ్లౌజులు లేకుండా డబ్బా మూత తియ్యొద్దు. మా నాన్న చేతులు గుర్తొచ్చి చెప్తున్నా.

ఇంతకీ మా మామిడి తోట. పోయిన మొక్కల గుంటలు మళ్లీ తీయించి, పచ్చి పేడంతా తోడి, మాగిన ఎరువూ వేప పిండీ వేసి కొత్త మొక్కలు నాటాను. మొదటి రెండు ఎండాకాలాలు బిందెలతో నీళ్లు మోశాం. మొక్కకి తగలకుండా సాళ్ల మధ్యలో ఎండుగడ్డి పరిచాను, చెద తింటే అది తినిపోనీ అని. రెండు మొక్కలు పోయాయి, మిగతావి నిలబడ్డాయి. ఆ గడ్డి కింద ఇప్పటికీ చెదలున్నాయి, నాకు కనిపిస్తూనే ఉంటాయి. ఉండనీ.

నేను జేసీబీతో తవ్వించిన ఆ పుట్ట చోట పోయినేడు వానలకి పుట్టగొడుగులు లేచాయి. లోపల ఇంకా ఎవరో సేద్యం చేస్తున్నారన్నమాట. మా ఇంటావిడ కూర వండింది. తింటూ అనుకున్నా, వందేళ్లుగా వీటిని చంపాలని చూసి ఓడిపోయాం, ఇకనుంచైనా మన పైరు వీటి నోటికి అందకుండా చూసుకుంటే చాలని.